మన్ను మోసినామె బొమ్మలో లేదు

కొత్త కుండ కనబడితే మా అమ్మ ముందు దాన్ని చూడదు, వింటుంది. వేలి మెటికతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఖంగుమంటే సరిగ్గా కాలినట్టు, చప్పగా పలికితే ఎక్కడో నెర్రె ఉన్నట్టు. నేను కుమ్మరింటి ఆడపిల్లను. ఈ పరీక్ష చూస్తూ పెరిగాను. తర్వాత చదువుకుని, పాఠాలు చెప్పుకుంటూ, పుస్తకాల మీదా బొమ్మల మీదా నాలుగు మాటలు రాయడం అలవాటయ్యాక నాకు తెలియకుండానే కుండను కూడా కంటితోనే చూడటం మొదలుపెట్టాను.

కిందటి చలికాలంలో అమ్మను ఒక కుండల కార్ఖానాకు తీసుకెళ్లాను. అది కుమ్మరివాడలోది కాదు, చదువుకున్నవాళ్లు ఊరి బయట తోటలో పెట్టుకున్నది. వెనక షెడ్డులో కరెంటు సారెలు, గ్యాసు బట్టీ ఉన్నాయి. ముందున్న పెద్ద గదే గ్యాలరీ. అరల మీద గిన్నెలు, కూజాలు, దీపాలు. గోడల మీద ఆ నెలంతా ప్రకృతి దృశ్య చిత్రాలు. ఈ కాలపు చిత్రకారులు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు తిరిగి వేసినవి. ఆ ప్రదర్శన మీద రాయమని నన్ను అడిగారు. నేను బొమ్మల కోసం వెళ్లాను, అమ్మ కుండల కోసం వచ్చింది.

అరల ముందు నాలుగైదు కుండలు కొట్టి విని, ఫరవాలేదన్నట్టు తలూపి, అమ్మ గోడల వైపు తిరిగింది. ఒక పెద్ద బొమ్మ ముందు ఆగింది. అందులో ఒక చెరువు ఉంది. పొద్దుగూకే ఎరుపు నీళ్లలో పరుచుకుని ఉంది. దూరాన కట్ట మీద తాటిచెట్లు. ముందు భాగంలో ఎండిన శిఖం, అందులో ఒక గుంత, గుంత అంచున నీలం కలిసిన నల్లటి నీడ. ఆ నీడ నాకు చాలా నచ్చింది. 'బొమ్మంతటికీ బరువు ఇక్కడుంది' అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. అమ్మ దగ్గరకు పోయి అదే నీడ మీదికి వేలు చూపించింది.

"ఇది మన్ను దీసిన బొంద గదా బిడ్డా. మీ చిన్నమ్మ ఇసొంటి దాంట్లనే పాయె."

చిన్నమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు. ఎండాకాలంలో చెరువులో నీళ్లు దిగాక కుండల మన్ను తవ్వుకుంటారు. పైన పొర పనికిరాదు. మంచి మన్ను కింద ఉంటుంది. పైదంతా తీసేసే ఓపిక లేక, మనుషులూ లేక, పక్కనుంచి లోపలికి తొలుచుకుంటూ పోతారు. అట్లా తొలిచిన అంచు కూలి ఆమె మీద పడింది. గంప బయటే ఉండిపోయింది. ఊళ్లో దాన్ని మన్ను పెళ్ల కూలడం అన్నారు, ఆమె తలరాత అన్నారు. పనిలో జరిగిన ప్రమాదం అని మాత్రం ఎవరూ అనలేదు. కుండలు చేసేది మగవాళ్లు కదా. మన్ను తేవడానికి పోయిన ఆడమనిషిది ఏ వృత్తి కింద రాయాలి?

ఆ చిత్రకారుడికి మా చిన్నమ్మ తెలిసి ఉండాలని నేను అనను. నన్ను కలవరపెట్టింది నా నోటుబుక్కు. గుంతను గుంతగా గుర్తుపట్టాల్సిన నేను దాన్ని నీడగా మెచ్చుకున్నాను. ఈ చూపు నాకు ఎక్కడినుంచి వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలైంది.

*

ప్రకృతి దృశ్యం అనే మాటలోనే దూరం ఉంది. దృశ్యం కావాలంటే చూసే మనిషి ఒడ్డున నిలబడాలి. చేతులు ఖాళీగా ఉండాలి. తల మీద బరువు ఉండకూడదు. తల మీద మన్ను గంప ఉన్న మనిషికి క్షితిజరేఖ కనబడదు, అడుగు పడే చోటు కనబడుతుంది. అందుకే నేల మీద పనిచేసేవాళ్లకు నేల గురించి బోలెడంత తెలిసినా, నేల బొమ్మ వేసే అవకాశం నేలకు దూరంగా నిలబడగలిగినవాళ్లకు వచ్చింది.

తెలుగునాట ఈ తరహా చిత్రకళ ఆధునిక చదువులతో పాటు వచ్చింది. రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన దామెర్ల రామారావు (1897–1925) పేరు అందరికంటే ముందు చెప్పుకుంటాం. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే పోయిన ఆ మనిషి తెలుగు చిత్రకళకు ఒక కొత్త కన్ను ఇచ్చాడన్నది నిజమే. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. రామారావు గురించి రాసినవాటిలో వాళ్లిద్దరి పేర్లు వాక్యం చివర తగిలించినట్టు వస్తాయి. ఇంట్లో ముగ్గురు బొమ్మలు వేస్తే ఒకరు ఒక శకానికి ప్రతినిధి అయ్యారు, ఇద్దరు బంధువులయ్యారు.

ఆ చదువులు రాకముందు మా వైపు బొమ్మలు లేవా? ఉన్నాయి. జనగామకు దగ్గరలో, పాత వరంగల్ జిల్లాలో ఉండి, 2016 జిల్లాల విభజనలో సిద్దిపేటలోకి పోయిన చేర్యాలలో నకాషీ కుటుంబాలు గుడ్డ మీద పొడుగాటి పటాలు వేశాయి. పటం వెనక ఎర్రటి రంగు, దాని మీద అడ్డంగా వరసలు వరసలుగా కథ. గౌండ్లవాళ్ల పురాణం, సాలోళ్ల పురాణం, చాకలోళ్ల పురాణం, ఇట్లా ఏ కులం కథ ఆ కులానిది. కథ చెప్పేవాళ్లు పటం విప్పుతూ రాత్రంతా పాడేవారు. ఆ పటాల్లో చెట్టు ఉంటుంది, గుట్ట ఉంటుంది, నీళ్లు ఉంటాయి. అయితే ఏదీ ఊరికే ఉండదు. ఈత చెట్టు ఉందంటే దాన్ని గీసే మనిషి ఉంటాడు. రేవు ఉందంటే బట్టలు ఉతికే మనిషి ఉంటుంది. దూరానిది చిన్నగా, దగ్గరిది పెద్దగా కనబడే లెక్క కూడా అక్కడ లేదు. మనిషి పని ఎంత పెద్దదైతే బొమ్మ అంత పెద్దది. దీన్ని మనం జానపదం అన్నాం, చేతిపని అన్నాం. మనిషి లేని చెరువు బొమ్మను కళ అన్నాం.

ఈ రెంటి మధ్యా నడిచినవాళ్లు ఉన్నారు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) నకాషీ పటాల గీతను తన చిత్రాల్లోకి తెచ్చుకుని కష్టజీవులను వేశాడు. లక్ష్మాగౌడ్ చెక్కిన లోహపు పలకల ముద్రల్లో మెదక్ పల్లె చెట్లు, మేకలు, ఆడా మగా అందరూ ఒకే నేలలోంచి మొలిచినట్టు ఉంటారు. ఆయన మట్టితోనూ పనిచేశాడు. ఇద్దరూ నాకు ఇష్టమైనవాళ్లే. అయితే లక్ష్మాగౌడ్ చేతిలో మట్టి కాలితే అది టెర్రకోట శిల్పం. మా నాయిన చేతిలో కాలితే కుండ. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఒకే మన్నుకు రెండు పేర్లు, రెండు ధరలు ఎట్లా వచ్చాయో అడుగుతున్నాను.

గొప్ప స్త్రీ కళాకారులు ఎందుకు లేరు అని 1971లో లిండా నాక్లిన్ అడిగిన ప్రశ్న మనలో చాలామందికి తెలుసు. దాని తర్వాత పదేళ్లకు, 1981లో, రోజికా పార్కర్, గ్రిసెల్డా పోలక్ ఇంకో అడుగు ముందుకేశారు. కళ అనీ చేతిపని అనీ గీసిన గీతే ఆడవాళ్ల పనిని కిందికి తోసిందన్నారు. వాళ్లు యూరప్ ఎంబ్రాయిడరీ గురించి ఆలోచిస్తున్నారు. మన దగ్గర ఆ గీతకు కులం కూడా తోడైంది.

*

ఆ గదిలో మూడు బొమ్మలు నాకు మూడు ఊళ్లను గుర్తుచేశాయి.

జనగామ వైపు వేసిన ఒక బొమ్మలో జొన్నచేను గాలికి వంగి ఉంది. చేను చివర ఆకాశం. పసుపు రంగును ఇన్ని రకాలుగా వాడొచ్చా అనిపించే పనితనం. ఆ చేను ముందు నిలబడి నేను పాలకుర్తి గురించి ఆలోచించాను. 1940లలో అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన భూమి కోసం, దాని మీద పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడింది. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు ఆమెలాంటి ఆడవాళ్ల మాటలు అచ్చులో చదివి మనలో ఎంతమందిమి కదిలిపోయాం! 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఐలమ్మకు ఆ చేను దృశ్యం కాదు. పండించాలి, కోయాలి, రాత్రికి రాత్రి ఎవడూ ఎత్తుకుపోకుండా కాపాడుకోవాలి. ఆ నేల మీద జొన్నచేను బొమ్మ వేసిన చిత్రకారుడు ఆ గొడవంతా తుడిచేసి పసుపును మిగుల్చుకున్నాడు.

రెండోది మహబూబాబాద్ వైపు చెరువు. కింద చీటీ మీద 'ప్రకృతి ఒడిలో' అని పేరు. తెలంగాణలో చెరువును ప్రకృతి అనడం ఎంత తప్పో చెప్పడానికి అదే జిల్లాలోని బయ్యారం చాలు. బయ్యారం చెరువు శాసనం 1219 నాటిది. కాకతీయుల వంశావళి తెలుసుకోవడానికి చరిత్రకారులు ఎక్కువగా ఆధారపడే శాసనాల్లో అదొకటి. ఆ శాసనం వేయించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. ఆ చెరువు తవ్వించింది కూడా ఆమే. దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. తల్లి పేరు బయ్యాంబ. ఊరి పేరులో ఇప్పటికీ ఆ పేరు వినబడుతుంది. మగరాజుల వంశవృక్షాన్ని రాయి మీద నిలిపింది ఒక ఆడమనిషి వేయించిన చెరువు శాసనం అన్నమాట. మన పాఠ్యపుస్తకాల్లో రుద్రమదేవికి చోటు దొరికింది కానీ, మైలాంబకు శాసనం పేరు పక్కన కుండలీకరణంలో కూడా చోటు అరుదు.

అయితే నేను మైలాంబ దగ్గర కూడా ఆగలేను. ఆమె తవ్వించింది, తవ్వలేదు. కట్టకు పోసిన ప్రతి గంప మన్నూ ఎవరో ఒకరి తల మీదుగా వచ్చింది. ఆ తలల్లో సగం ఆడవాళ్లవి కాకపోతే నేను ఆశ్చర్యపోతాను. ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచిన ఆ కట్ట ఒక పెద్ద మట్టి పని. దాన్ని ప్రకృతి అని పిలిచిన క్షణాన అంత చాకిరీ మాయమైపోతుంది. ఇంటిపనిని ప్రేమ అని పిలిచినప్పుడు జరిగేది కూడా ఇదే కదా.

మూడోది భూపాలపల్లి వైపు అడవి. మంచు, టేకు చెట్లు, సన్నటి బాట. బాగుంది. భూపాలపల్లి పేరు చెబితే నాకు గుర్తొచ్చే నేల వేరు. సింగరేణి బొగ్గుగనులు, ఓపెన్‌కాస్ట్ తవ్వకాల్లో పైకి తీసి పోసిన మట్టి గుట్టలు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు. ఆ పక్కనే, అదే గణపురం మండలంలో, కాకతీయుల నాటి గణపసముద్రం, కోటగుళ్లు. ఒకే చూపులో ఎనిమిది శతాబ్దాల మట్టి పని కనబడే చోటు అది. చెరువు కోసం తవ్విన మన్ను, బొగ్గు కోసం తవ్విన మన్ను. మనుషులు చేసిన ఆ గుట్టలను దృశ్యంగా వేసిన బొమ్మ ఆ గదిలో ఒక్కటీ లేదు. చిత్రకారులు అక్కడిదాకా పోయి, వాటికి వీపు పెట్టి, అడవి వైపు తిరిగి బొమ్మ వేశారు.

*

ఇంతవరకూ చదివి, బొమ్మల్లో మనుషులను పెట్టమంటావా అని మీరు అడగొచ్చు. పెట్టమనను. ఆ గదిలో రెండు బొమ్మల్లో మనుషులున్నారు, ఇద్దరూ ఆడవాళ్లే. ఒకామె నడుము మీద కడవ, ఇంకొకామె తల మీద గడ్డిమోపు. ఇద్దరికీ ముఖాలు లేవు. చెట్టు ఎంతో వాళ్లూ అంతే, చీర ఎరుపు కోసం నిలబెట్టిన మనుషులు. ఎవరూ లేకపోవడమే అంతకంటే మర్యాద. బొమ్మలో ఆడమనిషి ఉందా లేదా అని లెక్కపెట్టి తీర్పు చెప్పే విమర్శ మనం ఎప్పుడో దాటి వచ్చాం. నేల మీద జరిగిన పని ఆ బొమ్మకు తెలుసా అన్నది నా ప్రశ్న.

తెలిసిన బొమ్మ ఒకటి ఉంది. చిన్నది, తలుపు పక్కన, వెలుతురు సరిగా పడని చోట పెట్టారు. అందులో ఆకాశం లేదు, నీళ్లు లేవు. తవ్విన గట్టు అంచు మాత్రం, కళ్లకు ఎదురుగా. పైన గడ్డి వేళ్లు, కింద బూడిదరంగు పొర, దాని కింద నల్లటి పొర. నల్లటి పొర మీద పార దెబ్బలు ఏటవాలుగా ఉన్నాయి. రంగును కుంచెతో పూయకుండా చేత్తో అద్దినట్టుంది. వేసినామె, అవును, ఆమే, ఒడ్డున నిలబడలేదు. గుంతలో దిగి కూర్చుని చూసింది. మనిషి లేడు, కానీ పార పట్టిన చెయ్యి ఎంత ఎత్తు మనిషిదో చెప్పొచ్చు. అమ్మ దాని ముందు కొంచెంసేపు నిలబడింది. "ఇగో, గీ నల్లది మంచి మన్ను" అంది. ఆ రోజు అమ్మ ఒక బొమ్మను మెచ్చుకోవడం అదొక్కసారే.

*

ఇక అరల వైపు తిరగాలి. బొమ్మల మీద ఇంత కోపం తెచ్చుకున్న నేను మా కుండల దగ్గర మౌనంగా ఉంటే అది అబద్ధమవుతుంది.

మా ఇంట్లో మన్ను తవ్వింది అమ్మ. మోసింది అమ్మ. ఎండబెట్టి, పెళ్లలు కొట్టి, రాళ్లు ఏరి, నానబెట్టి, ఇసుక కలిపి, కాళ్లతో తొక్కింది అమ్మ. నాయిన సారె మీద కుండ చేసి దించాక ఎండకూ నీడకూ మార్చుతూ కాపాడింది, ఎర్రమన్ను పూసింది, ఆవానికి పిడకలూ కంపా తెచ్చింది. కాలిన కుండలు గంపకెత్తుకుని అంగడికి పోయి గింజలకు మార్చుకొచ్చింది. పెళ్లిళ్లకు అయిరేని కుండల మీద సున్నంతో, జాజుతో బొమ్మలు దిద్దింది. సారె మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. ఆడది సారె ముట్టకూడదన్నారు. మైల అన్నారు, అరిష్టం అన్నారు. కుండ మీద ఎన్ని చేతులు పడ్డా, కుండ చేసినవాడు మా నాయినే. నాయిన వృత్తి కుమ్మరి. అమ్మది ఇంటిపని.

సారె తిప్పే నిమిషాలను కళగా, దానికి ముందూ వెనకా ఉన్న రోజులను చాకిరీగా విడగొట్టింది గ్యాలరీవాళ్లు కాదు. మేమే. చిత్రకారుడు ఒడ్డున నిలబడి అమ్మను చూడలేదంటే, మావాళ్లు పక్కనే కూర్చుని చూడలేదు.

ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు. మణిపూర్‌లోని ఆండ్రో ఊళ్లో కుండలు చేసేది ఆడవాళ్లే. సారె లేకుండా, మన్ను ముద్ద చుట్టూ తామే తిరుగుతూ చేస్తారు. అదే మణిపూర్‌లో తోంగ్జావోకు చెందిన నీలమణి దేవికి 2007లో పద్మశ్రీ వచ్చింది. నైజీరియాలో లాడి క్వాలి కూడా అట్లాగే మన్ను తీగలు చుట్టి కడవలు కట్టింది. ఆమె బొమ్మ ఆ దేశపు ఇరవై నైరా నోటు మీద ఉంది. సారె లేని చోట ఆడవాళ్ల చేతిలో ఉన్న పని, సారె వచ్చిన చోట చాలాసార్లు మగవాళ్ల చేతిలోకి పోయింది. యంత్రం ఎవరిదైతే పేరు వాళ్లదే. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో మొదలుపెట్టిన పథకం కింద కుమ్మరులకు కరెంటు సారెలు పంచుతున్నారు, ఆ శిక్షణల్లో ఆడవాళ్లూ కూర్చుంటున్నారు. సంతోషమే. అయితే సారె మీద కూర్చోవడం వస్తేనే ఆమె కుమ్మరి అవుతుందంటే పాత లెక్కను ఒప్పుకున్నట్టే. మన్ను తవ్వడమూ తొక్కడమూ అప్పటికీ పనికిందకు రాకుండానే మిగులుతాయి.

సాహిత్యంలో వెతికితే? పాలకుర్తితో పేరు ముడిపడ్డ పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ చెప్పాడు. కుండల మీద గుండయ్య వేసిన దరువుకు శివుడు వచ్చి ఆడాడు. కుమ్మరి పని భక్తిగా, సంగీతంగా మారిన అపురూపమైన కథ. గుండయ్య భార్య కేతలదేవి వచనకర్త్రి అనీ, ఆమె పేర ఒకటి రెండు వచనాలు నిలిచాయనీ మనకు కన్నడ సంప్రదాయం చెబుతుంది. ఆ దరువు పడ్డ కుండలకు మన్ను తొక్కింది ఆమే అయి ఉంటుందని నా ఊహ. ఇక మన మొల్ల. రామాయణం రాసిన ఆతుకూరి మొల్లను లోకం కుమ్మరి మొల్ల అని పిలిచింది. 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంకలనంలో ఆమెను చూసినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకో మాట తడుతుంది. మొల్లకు కుమ్మరి అనే పేరు కవిత్వం వల్ల నిలిచింది. కుండల మీద బతికిన లక్షల మంది ఆడవాళ్లకు ఆ పేరు ఇంటిపట్టున కూడా దక్కలేదు.

*

ఆ గదిలో ప్రతి బొమ్మ కిందా చీటీ ఉంది. వేసినవారి పేరు, పుట్టిన ఏడు, రంగుల వివరం, ధర. కుండల అడుగున ధర ఒక్కటే ఉంది. అక్కడి వాళ్లను అడిగితే, కుండలు అందరూ కలిసి చేస్తారు, ఒకరి పేరు ఎట్లా రాస్తాం అన్నారు. నిజమే. అయితే అందరి పేర్లూ రాయొచ్చు కదా. రామప్ప గుడిని తలుచుకోండి. దేవుడి పేరుతో కాకుండా శిల్పి పేరుతో పిలిచే గుడి అని మనం గొప్పగా చెప్పుకుంటాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు, శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకల గురించీ చెప్పుకున్నాం. ఆ తేలే ఇటుకలు కాల్చిన మన్నే. అంత తేలిగ్గా రావడానికి మన్నులో ఏం కలపాలో, ఎంతసేపు కాల్చాలో తెలిసిన చేతులు ఎవరివి? శిల్పికి దక్కిన పేరు మన్ను కలిపిన చేతులకు దక్కలేదు.

మేం బయల్దేరే ముందు షెడ్డులో సారె నేర్చుకుంటున్న ఒక అమ్మాయి లేచి, "అమ్మమ్మా, మీరు కూర్చోండి" అని అమ్మను పిలిచింది. అమ్మ సారె వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాకు రాదు బిడ్డా."

అరవై ఏళ్లు మన్నులో బతికిన మనిషి నాకు రాదు అంది. ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. అమ్మ మాత్రం పక్కనున్న మన్ను ముద్దలోంచి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది. "ఇది ఉత్త రేగడి. ఇసుక తక్కువ వడ్డది. ఎండల వెడితే నెర్రెలిస్తది" అంది. తర్వాత, "చెరువు నడిమిది గాదు ఇది, అలుగు కాడిది. ఏరు బొట్లు ఉన్నయ్" అని ముద్దలోంచి ఒక సన్నటి గడ్డి వేరు లాగి చూపించింది. ఆ అమ్మాయి నవ్వి, నిజమే, ఇవాళ పొద్దున చేసినవి రెండు పగిలాయి అంది. అమ్మ చెప్పినవన్నీ ఫోనులో రాసుకుంది.

చిటికెడు మన్నులోంచి అమ్మ ఒక చెరువంతా చదివింది. ఆ గోడల మీద ఉన్న ఏ బొమ్మా అంత నేలను చూపలేదు.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రం వాకిట్లో ముగ్గు చిప్ప ఇచ్చి, మన ఊరి చెరువు వేసి చూపించమన్నాను. అమ్మ నవ్వింది. తర్వాత కూర్చుని వేసింది. ఒక వంపు గీత, అది కట్ట. కట్ట మధ్యన తూము. ఎడమ చివర అలుగు. బతుకమ్మలు నిమజ్జనం చేసే రేవు దగ్గర చిన్న పువ్వు. శిఖంలో ఎర్రమన్ను దొరికే చోట ఒక చుక్క, నల్లమన్ను దగ్గర రెండు చుక్కలు. ఇంటినుంచి అక్కడిదాకా నడిచే బాట, మధ్యలో గంప దించుకునే రాయి. ఆకాశం లేదు, తాటిచెట్లు లేవు, అస్తమయం లేదు. రెండు చుక్కల పక్కన ఒక చోట మాత్రం చెయ్యి ఆపింది. అక్కడ ఏమీ వెయ్యలేదు. అడగలేదు నేను.

వాళ్లు నన్ను రాయమన్న వ్యాసం ఇదే. ఒక ప్రతి వాళ్లకు పంపుతున్నాను. దానితో పాటు రెండు కోరికలు. తలుపు పక్కన చీకట్లో ఉన్న ఆ చిన్న బొమ్మను ఎదుటి గోడకు మార్చండి. కుండల పక్కన చీటీలు పెట్టండి. సారె తిప్పినవాళ్ల పేర్లే కాదు, మన్ను ఎక్కడిది, ఎవరు తవ్వారు, ఎవరు తొక్కారు అన్నవి కూడా రాయండి.